పాత మోటార్‌హోమ్‌లో వెలుతురు తగ్గించుకునేదెలా?

అనంతపురం పాతూరు, ఇప్పుడు ఫీనిక్స్:

అందరికీ నమస్తే. మేము ఇక్కడికొచ్చి ఐదు నెలలు. మా ఆయనకు తిరుగుడు పిచ్చి, ఇరవై ఏళ్ల నాటి మోటార్‌హోమ్, అదే లోపలే ఉంటూ తిరిగే ఇల్లులాంటి బండి, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనేశారు. లోపల సీలింగుకు ఎనిమిది లైట్లు, అన్నీ పాత ఫిలమెంట్ బల్బులే. అరగంట వెలిగితే మూత మీద చెయ్యి పెట్టలేం. పోయిన శనివారం కరెంటు కనెక్షన్ లేని చోట ఆగాం. ఏడింటికి లైట్లన్నీ వేస్తే పదకొండుకల్లా బ్యాటరీ పడుకుంది. ఎల్‌ఈడీలు వేసుకుందామని ఉంది. పాప నిద్రపోయాక వెలుతురు తగ్గించడానికి గోడకు డిమ్మర్ కూడా కావాలి. హార్డ్‌వేర్ షాపులో ఇళ్లకు వాడే డిమ్మర్ ఒకటి చూశాను. అదే తెచ్చి బిగించమంటారా?

ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్:

చెల్లెమ్మా, లైట్లు తర్వాత. ముందు బండి ఎక్కడ పెట్టుకుంటున్నారో చెప్పండి. అపార్ట్‌మెంట్ పార్కింగులో అయితే లీజు కాగితం తీసి చదవండి. సొంతిళ్ల కాలనీ అయితే అసోసియేషన్ రూల్సు చూడండి. ఇవి చూసుకోకుంటే తెల్లారేసరికి బండి టోయింగ్ వాడి దగ్గర ఉంటుంది.

ఇంకోటి, పాతది ఏదీ పారెయ్యొద్దు. నా కథ వినండి. 2016లో మేం అద్దెకున్న ఇంట్లో వంటగది లైటు ఊరికే మినుకుమినుకుమంటా ఉండేది. ఓనరుకు మూడుసార్లు ఫోన్ చేశా, పలకలేదు. విసుగొచ్చి నేనే కొత్త ఎల్‌ఈడీ లైటు, డిమ్మర్ తెచ్చి బిగించా. తొంభై డాలర్లయింది. ఖాళీ చేసే రోజు ఆయన టార్చిలైటు పట్టుకుని దిగాడు. మా ఆవిడ ముందురోజంతా కూర్చుని పొయ్యి కింద జిడ్డు గీకింది, దాన్ని చూడనే లేదు. నేరుగా వంటగదిలో నిలబడి డిమ్మర్‌ను పైకీ కిందికీ రెండుసార్లు తోసి, "ఇది నాది కాదే, నాది ఎక్కడ?" అన్నాడు. పారేశానన్నా. అంతే, ఎలక్ట్రీషియన్ కూలి, పాత లైటు ఖరీదు అని డిపాజిట్లో 385 డాలర్లు కోసేశాడు. బాగు చేసినందుకు జరిమానా! పోయినేడు ఆ వీధిలో పోతా కిటికీలోంచి చూశా, నా లైటే ఇంకా వెలుగుతా ఉంది. డిపాజిట్ 30 రోజుల్లో తిరిగివ్వాలి, ఎక్కడైనా ఇదే రూలు. గుర్తుపెట్టుకోండి.

గుంతకల్లు, ఇప్పుడు శాక్రమెంటో:

అన్నా, ఎక్కడైనా కాదు. 30 రోజులు మీ టెక్సస్‌లో, మా కాలిఫోర్నియాలో 21. అయినా ఆ అమ్మాయి అడిగింది బల్బు గురించి.

అమ్మా, ఆ ఇంటి డిమ్మర్ తేవద్దు. అది 120 వోల్టుల ఏసీకి చేసింది. లోపల ట్రయాక్ అని ఒకటుంటుంది. అది ఒకసారి ఆన్ అయితే కరెంటు సున్నాకు వచ్చినప్పుడే ఆరుతుంది. ఏసీలో కరెంటు సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది. మీ సీలింగ్ లైట్లకు వచ్చేది బ్యాటరీ డీసీ, దానికి ఆ సున్నా లేదు, అందుకని అది ఆరదు, వెలుతురూ తగ్గదు. మీకు కావాల్సింది 12 వోల్టుల పీడబ్ల్యూఎం డిమ్మర్. అది సెకనుకు వందలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది, కంటికి వెలుతురు తగ్గినట్టు కనిపిస్తుంది.

బ్యాటరీ ఎందుకు పడుకుందో చూడండి. పాత బల్బు మీద బహుశా 1141 అని ఉంటుంది. ఒక్కోటి 18 వాట్లు, దాదాపు 1.44 ఆంపియర్లు. ఎనిమిదింటికి పదకొండున్నర. వంద ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు, అంటే నాలుగు గంటల చిల్లర. మీ ఏడు నుంచి పదకొండు లెక్క సరిపోయిందా? అదే రెండున్నర వాట్ల ఎల్‌ఈడీలు ఎనిమిదీ కలిపినా 1.6 ఆంపియర్లే. రెండు రాత్రులు వెలిగించినా బెంగలేదు.

ఇక బల్బు. బ్యాటరీ ఊరికే ఉంటే 12.6 వోల్టులు, ఛార్జింగులో 14.4 దాకా పోతుంది. అందుకే 10 నుంచి 30 వోల్టులు అని రాసినవి మంచివి, వోల్టేజీ పెరిగినా కాలిపోవు. కానీ వాటి లోపలి రెగ్యులేటర్ వెలుతురును ఒకేలా ఉంచాలని చూస్తుంది, డిమ్మర్ తగ్గించాలని చూస్తుంది. రెండింటి తగువులో లైటు గిలగిల్లాడుతుంది. అందుకని డిమ్మబుల్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, అదీ ముందు రెండే. ఎనిమిదీ ఒకేసారి ఆర్డర్ పెట్టొద్దు.

చాలామంది బోల్తా పడేది ఇంకొకటుంది. చవక డిమ్మర్లు ఎక్కువగా మైనస్ తీగలో కరెంటును కత్తిరిస్తాయి. బండిలో మైనస్‌లన్నీ కలిసి ఛాసిస్‌కు, అంటే బండి ఇనప చట్రానికి పోతాయి, మధ్యలో కోయాలంటే సీలింగు విప్పాలి. ప్లస్ వైపు కత్తిరించేది తీసుకోండి, గోడ స్విచ్చు ఉంటే దాని చోటే కూర్చుంటుంది. స్విచ్చులు లైట్లకే ఉంటే ప్లస్ తీగలో ఫ్యూజు తర్వాత పెట్టాలి. అదే తీగ మీద ఫ్యానుగానీ నీళ్ల పంపుగానీ ఉంటే మాత్రం పెట్టొద్దు.

మా నాన్న గుంతకల్లులో రైలు పెట్టెల లైటింగు పని చేసేవారు. పెట్టె కింద బ్యాటరీలు, ఇరుసుకు బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, లోపల 110 వోల్టుల డీసీ. మీ బండిదీ అదే సంసారం, కాస్త చిన్నది.

కడప, ఇప్పుడు న్యూజెర్సీ:

నాకు ఇంత తెలివి లేదప్పా. 2018లో ఊరికి పోయినప్పుడు ఆటో ఎలక్ట్రికల్ షాపులో నా బండి బల్బు చూపిస్తే, "ఇది లారీ బల్బే కదన్నా" అని డబ్బాడు ఇచ్చినాడు. సూట్‌కేసులో బనియన్లలో చుట్టి తెచ్చినా. పెడితే బేస్ అచ్చు సరిపోయింది, వెలుతురు మాత్రం నూనె అయిపోయిన దీపమే. చూస్తే లారీలవి 24 వోల్టులు. డిమ్మర్ లేకుండానే డిమ్ చేసినావని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రంగు మాత్రం తెలుపే తీసుకోమ్మా, డబ్బా మీద రంగు అంకె 6500 కెల్విన్ అని ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద చదువుకున్నోళ్లం, పసుపు వెలుతురులో ఏం కనిపిస్తుంది?

కర్నూలు, ఇప్పుడు అట్లాంటా:

ఆయన మాట వినొద్దు, అమ్మీ. 2700 నుంచి 3000 లోపు, ఆ పసుపు వెలుతురే తీసుకో. ఫిలమెంట్ బల్బు తగ్గిస్తే ఎర్రబడుతుంది. మామూలు ఎల్‌ఈడీ రంగు మారదు, అదే తెలుపు మసకబారుతుంది. రాత్రి రెండింటికి పాప లేస్తే అది ఆసుపత్రి వరండాలా ఉంటుంది. డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 పైన ఉందా అని కూడా చూడు. మేం మొదట చవకవి కొన్నాం. ఉగ్గాని చేసి ప్లేట్లో పెడితే పసుపు పసుపులా లేదు, బూడిద చల్లినట్టుంది. మా పిల్లోడు పాచిపోయిందని తినలేదు.

ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్:

ఇంత తతంగం దేనికి? తీగలు మెలేసి టేపు చుడితే సరి. మేమంతా అట్లే చేసినాం.

గుంతకల్లు, ఇప్పుడు శాక్రమెంటో:

అన్నా, మీది ఇల్లు, కదలదు. ఇది రోడ్డు మీద ఊగే బండి, పైగా ఫీనిక్స్ ఎండ. మూసిపెట్టిన బండిలో టేపు జిగురు కరిగి కారుతుంది. అమ్మా, తీగలను లోపల పెట్టి నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్లు వాడండి, ముందు ఫ్యూజు పీకండి. ఒక్క ప్రాణభయం మాట. మన ఊళ్లో నల్ల తీగ అంటే న్యూట్రల్. ఇక్కడ 120 వోల్టుల్లో నలుపే కరెంటున్న తీగ, తెలుపు న్యూట్రల్. మీ బండిలో ఆ తీగలూ ఉంటాయి, బ్యాటరీ తీగలూ ఉంటాయి, రెండింటిలోనూ నలుపు తెలుపులే ఉండొచ్చు. బయటి కరెంటు వైరు తీసేసి, జనరేటర్, ఇన్వర్టర్ ఆఫ్ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

అనంతపురం పాతూరు, ఇప్పుడు ఫీనిక్స్:

అందరికీ థ్యాంక్స్. 1141 అనే ఉంది అన్నా! రెండు బల్బులు, ప్లస్ వైపు డిమ్మర్ తెచ్చి మంచం మీది లైట్లకు పెట్టాం. ఒకటి వెలగలేదు, మా ఆయన బల్బు పాడన్నారు. మీటర్ పెడితే ఆ హోల్డర్‌లో ప్లస్, మైనస్ తారుమారుగా ఉన్నాయి. మార్చాక వెలిగింది. 3000 రంగు బాగుంది అక్కా. సగం దాకా తగ్గిస్తే నిమ్మళంగా ఉంది, మరీ కిందికి తెస్తే ఎఫ్‌ఎం రేడియోలో గరగర వస్తోంది.

గుంతకల్లు, ఇప్పుడు శాక్రమెంటో:

అది డిమ్మర్ గోల. యాంటెన్నా తీగకు దూరంగా జరపండి, డిమ్మర్ తీగలకు ఫెరైట్ క్లిప్పు, అంటే ఆ గోలను అణిచే క్లిప్పు, ఒకటి తగిలించండి. తగ్గకపోతే వేరే రకం డిమ్మర్ చూడాల్సిందే.

ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్:

అది సరే చెల్లెమ్మా, బండి ఎక్కడ పెడుతున్నారో ఇంకా చెప్పలేదు.