ఊరంతా చెయ్యెత్తితే తప్పు ఒప్పయిపోతుందా?

విడవలూరు రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా ఊరి సంగతి ఒకటి చెప్పి మీ మాట అడుగుదామని రాస్తున్నాను. సముద్రానికి దగ్గరి ఊరు మాది. కాలువ కింద వరి పండే పొలాల్లో ఒక పక్కంతా రొయ్యల గుంటలు తవ్వాలని అనుకుంటున్నారు. వరి మీద మిగిలేది అంతంత మాత్రం. గుంటలకు లీజుకిస్తే ఏటా చేతికి నికరంగా డబ్బొస్తుంది. అందుకే దాదాపు ఊరంతా సరేనంది. మధ్యలో మూడు కుటుంబాలకు చిన్న చిన్న మడులున్నాయి. చుట్టూ ఉప్పునీళ్ళు పెడితే పొలం చవుడు తేలుతుందనీ, తాగే బోరు పాడైపోతుందనీ వాళ్ళు వద్దంటున్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. పక్క ఊళ్ళో గుంట గట్టును ఆనుకుని ఉన్న మడిని నేనే చూశాను. నాటిన పైరు ఆకు కొసల నుంచి ఎండుతూ వచ్చింది. నీళ్ళు ఆరినచోట మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. వేలితో గీస్తే పొడిలా రాలింది.

రచ్చబండ దగ్గర చేతులెత్తమన్నారు. ఆ మూడిళ్ళు తప్ప అందరూ ఎత్తారు. పదిమంది మాట కాదనేవాడు ఊరికి చేటు అని ఒక పెద్దాయన అన్నారు. అప్పట్నుంచి ఆ ఇళ్ళవాళ్ళను పలకరించేవాళ్ళు కూడా తగ్గిపోయారు. గుంటల సంగతి అలా ఉంచండి. ఎక్కువమంది ఒప్పుకున్నంత మాత్రాన ఒక పని న్యాయమైపోతుందా? నన్ను ఇదే తొలిచేస్తోంది.

గూడూరు ఆక్వా:
తమ్ముడూ, నేను వనామీ రొయ్యలు వేసే రైతును. దాచేదేం లేదు. వైట్ స్పాట్ తెగులు వచ్చి పంటకు పంట తుడిచిపెట్టుకుపోవడం చూశాను, మంచి రేటొచ్చి పిల్లల ఫీజులు కట్టుకోవడం కూడా చూశాను. మీ ఊరివాళ్ళు దురాశతో చెయ్యెత్తారని నేను అనుకోను. మొలగొలుకుల బియ్యానికి పేరుపడిన గడ్డ మీద వరి వదిలేస్తున్నారంటే ఎంత విసిగిపోయి ఉంటారో ఆలోచించు.

పదిమంది తేల్చకపోతే మరి ఎవరు తేల్చాలి? ఇంతకుముందు తప్పొప్పులు ఎవరి చేతుల్లో ఉండేవో గుర్తు తెచ్చుకో. కరణం, మునసబు, భూస్వామి, శాస్త్రం చెప్పేవాళ్ళు. వితంతువుకు పెళ్ళి వద్దన్న రూలు జనాన్ని చేతులెత్తమని అడిగి పెట్టింది కాదు. మాకు తెలుసు, మీరు వినండి అన్న కొద్దిమంది పెట్టింది. జనం మాట తప్పయినా రేపు మార్చుకోవచ్చు. న్యాయం నా ఒక్కడికే తెలుసు అనేవాడి మాట మార్చడం ఎవరి వల్లా కాదు. అందుకే నేను పదిమంది వైపే ఉంటాను.

కలిగిరి అమ్మాయి:
అన్నా, మీ మాటలో నిజముంది. కానీ ఆ పదిమందిలో ఎవరెవరున్నారు? దూబగుంట మా మండలమే. 1992లో రోశమ్మ గారు, మిగతా ఆడవాళ్ళు సారా కొట్టు మూయించేదాకా ఊరి అభిప్రాయం ఏంటో మా అమ్మమ్మ చెప్పేది. మగాడన్నాక తాగుతాడు, కూలి డబ్బులు వాడివి, వాడిష్టం. అదే లోకాభిప్రాయం. రోజూ దెబ్బలు తిని, పొయ్యిలో పిల్లిని లేపలేక పిల్లల్ని పస్తు పడుకోబెట్టే ఆడవాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట నలుగురూ ఒకచోట కూర్చుని తమ బతుకుల గురించి మాట్లాడుకున్నాకే ఊళ్ళో ఇంకో అభిప్రాయం కూడా ఉందని బయటపడింది. తర్వాత జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్ అయింది.

ఇప్పుడు చెప్పండి. 1991లో ఊళ్ళో లెక్క తీసి ఉంటే సారాదే గెలుపు. అప్పుడు భార్యను కొట్టడం ఒప్పా?

విడవలూరు అన్నా, నాకొక సంగతి చెప్పండి. రచ్చబండ దగ్గర ఆడవాళ్ళను కూడా చెయ్యెత్తమన్నారా? బోరు నీళ్ళు ఉప్పగా అయితే బిందె పట్టుకుని దూరం నడిచేది వాళ్ళే.

విడవలూరు రైతుబిడ్డ:
లేదమ్మా. ఆడవాళ్ళెవరూ రాలేదు. రమ్మని ఎవరూ చెప్పలేదు కూడా.

గూడూరు ఆక్వా:
అమ్మాయీ, ఆడవాళ్ళను అడగకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. అయితే నీ ఉదాహరణ నా వైపే వస్తోంది చూడు. దూబగుంటలో గెలిచింది కూడా జనాభిప్రాయమే కదా? ఒక అభిప్రాయం పోయి ఇంకోటి వచ్చింది. ఇంకో మాట. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో సడలించారు. రెండేళ్ళు తప్పయినది మళ్ళీ ఒప్పయిందా? జనం మోయలేని న్యాయం నిలబడదు. వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి పెళ్ళి చేయించేసరికి 1881 అయింది. నలుగురి మనసు మారేదాకా ఒప్పు కాగితం మీదే ఉంటుంది.

కావలి మాస్టారు:
ఆక్వా గారూ, మీరు రెండు సంగతులను కలిపేస్తున్నారు. ఒప్పు నిలబడాలంటే జనం కావాలి. అందులో నాకు అనుమానం లేదు. కానీ నిలబెట్టేది జనం కాబట్టి దాన్ని ఒప్పుగా చేసింది కూడా జనమే అనడం కుదరదు. 1856 నుంచి 1881 దాకా చట్టం ఉండీ ఇక్కడి వితంతువులు పెళ్ళికి నోచుకోలేదంటే, ఆ పాతికేళ్ళూ వాళ్ళకు జరిగింది అన్యాయమని ఇవాళ మీరూ నేనూ ఒప్పుకుంటున్నాం. ఏ కొలతతో కొలిచి ఒప్పుకుంటున్నాం? అప్పటి లోకం మాటతో కొలిస్తే అది అన్యాయం కాదు.

పొట్టి శ్రీరాములు గారి సంగతి మన జిల్లావాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, కానీ సగమే చెప్పుకుంటాం. 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబరు 15న కన్నుమూశారు. ఆంధ్రదేశం భగ్గుమంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం. ఇది అందరికీ తెలిసిన సగం. రెండో సగం నెల్లూరు మూలపేటది. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని 1946లో ఇదే మనిషి నిరాహార దీక్ష చేశారు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవారు. ఊరు ఆయన్ని పిచ్చివాడంది.

మనిషి అదే, పట్టుదల అదే, ఆకలి అదే. ఒక దీక్షకు జనం వెంట నిలిచారు, ఇంకోదానికి నిలవలేదు. జనం లెక్కే కొలత అయితే మూలపేటలో ఆయన తప్పు, మద్రాసులో ఒప్పు కావాలి. ఆ మాట అనగలిగినవాడు ఈ జిల్లాలో ఒక్కడైనా ఉన్నాడా? నన్నడిగితే మూలపేట దీక్షే పెద్దది. ఎందుకంటే అక్కడ ఆయనకు తోడు లేదు.

చీరాల నేతన్న:
నేను ఎక్కువ రాయను. 1985 జులై 17 కారంచేడు. అప్పుడది మన ప్రకాశం జిల్లా. తాగే నీళ్ళ చెరువులో మురికి చెయ్యొద్దు అన్న మాట దగ్గర మొదలైంది. ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. ఆ రోజు ఊళ్ళో తలకాయలు లెక్కపెడితే బలం ఎవరిదో అందరికీ తెలుసు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది.

ఆ చావులు తప్పు అనడానికి మనకు 2008 తీర్పు కావాలా? ఊరు ఒప్పుకోవాలా? ఎవరూ ఒప్పుకోకపోయినా అది తప్పే. విడవలూరు తమ్ముడూ, పలకరించడం మానేశారు అన్నావు చూడు, ఆ మాట దగ్గర నా గుండె ఆగింది. మీ ఊరిని కారంచేడుతో పోల్చడం లేదు. కానీ ఊరు ఒక పక్క, కొన్ని ఇళ్ళు ఒక పక్క అయినప్పుడు ఆ ఇళ్ళకు తోడుగా ఒక్కడైనా నిలబడాలి. రేపే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చో.

ఒంగోలు లాయరు:
నేతన్న గారి మాటకు నేను కలపగలిగింది కొంచెమే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఇదే చెప్పారు. రాజ్యాంగ నీతి, అంటే లోకం మాట ఎలా ఉన్నా రాజ్యాంగం చెప్పిన విలువలకు కట్టుబడటం, పుట్టుకతో వచ్చే గుణం కాదు, అలవరచుకోవాలి, మనవాళ్ళు ఇంకా నేర్చుకోవలసే ఉంది అన్నారు. ప్రాథమిక హక్కులు పెట్టుకున్నది ఎక్కువమంది కాదన్నా కొన్ని మిగలాలనే. 2018లో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కేసులోనూ సుప్రీంకోర్టు లోకుల నీతికన్నా రాజ్యాంగ నీతే పైన అంది.

ఇక రొయ్యల గుంటలు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పెద్ద తీర్పిచ్చింది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చొద్దంది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలంది. తర్వాత 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్లు, షరతులు పెట్టి సాగుకు దారి ఇచ్చింది. కోర్టు వద్దంది, జనం ఎన్నుకున్న సభ షరతులతో సరేనంది. ఏది చట్టమో ఓట్లతో మారుతుంది, మారాలి కూడా. కానీ ఆ మూడు మడుల్లో చవుడు తేలుతుందా లేదా అన్నది మాత్రం చేతులెత్తితే తేలదు. పక్కవాడి తాగునీళ్ళు పాడుచేసి మనం బాగుపడటం న్యాయమా అన్నది కూడా అంతే. గుంటలు తవ్వుకోవాలా వద్దా అన్నది ఊరు తేల్చుకోవచ్చు. ఆ మూడిళ్ళవాళ్ళ నీళ్ళు ఊరి సొత్తు కావు, వాటిని వదులుకునే హక్కు ఊరికి లేదు.

గూడూరు ఆక్వా:
లాయరు గారూ, ఈ ముక్క నాకు అర్థమైంది. నేను మాత్రం ఇంకా అంటాను, ఊరి మాటను తేలిగ్గా తీసేయకూడదు. ఊరు కాదన్నది బయటివాడు వచ్చి రుద్దితే రెండు రోజులు కూడా ఉండదు. కానీ పక్క పొలంలోకి ఉప్పునీళ్ళు వదిలి పదిమంది ఒప్పుకున్నారు అనడం మా రైతులకు కూడా మంచి పేరు కాదు. మేమూ మధ్యలో మంచినీటి కాలువ వదిలి, గట్లు గట్టిగా వేసి, డ్రైన్ నీళ్ళు సాగు కాలువలో కలవకుండా వేరే దారి పెట్టుకుంటాం. పెట్టనివాళ్ళూ ఉన్నారు. తమ్ముడూ, ఆ మూడిళ్ళ బోరు నీళ్ళు, మట్టి ఇప్పుడే టెస్ట్ చేయించి కాగితం దగ్గర పెట్టుకోమను. గుంటలు తవ్వాక చేయిస్తే ముందునుంచే ఇలా ఉంది అంటారు.

విడవలూరు రైతుబిడ్డ:
అందరికీ దండాలు. నేతన్నా, పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను, ముసలాయన చాలాసేపు మాట్లాడాడు. సర్పంచ్ గారితో కూడా మాట్లాడాను. మళ్ళీ సభ పెడతామన్నారు, ఈసారి ఆడవాళ్ళను కూడా పిలుస్తామన్నారు. నీళ్ళు, మట్టి టెస్టుల రిపోర్టు ముందు చదివాకే చేతులెత్తమని అడుగుతాను. ఒక్కటే చిక్కు. టెస్టుల ఖర్చు వద్దన్నవాళ్ళే పెట్టుకోవాలని ఊళ్ళో అంటున్నారు.

కావలి మాస్టారు:
గుంటలు తవ్వేవాళ్ళు పెట్టుకోవాలి. సభలో మొట్టమొదట ఈ మాటే అడుగు నాయనా.