అప్‌డేట్: అమ్మకు పూతరేకులు తిన్న రోజే పిల్లికూతలు

ఆస్తమా ఉన్న మా అమ్మకు బెల్లం పూతరేకులు తిన్న రోజే ఆయాసం ఎందుకొస్తోందని నెల కిందట అడిగాను. ఎక్కువమంది రంగు అన్నారు, కొందరు అజినొమోటో అన్నారు. పూతరేకుల్లో అజినొమోటో ఎవరు వేస్తారండీ!

అమలాపురంలో డాక్టరు గారికి చూపించాం. తిన్నవన్నీ టైముతో సహా రాయమన్నారు. మూడు వారాలు రాస్తే పూతరేకులతో పాటు బంగారు రంగు కిస్‌మిస్, టీ బిస్కెట్లు కూడా దొరికాయి. ఆయన అనుమానం సల్ఫైట్ల మీద, అంటే సరుకు పాడవకుండా, రంగు మారకుండా కలిపే గంధకం పదార్థాల మీద. ప్యాకెట్ మీద అవి 220 నుంచి 228 వరకు నంబర్లలో ఉంటాయి. మా బిస్కెట్ ప్యాకెట్ వెనక అతుకు కింద 223 ఉంది, ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడలేదు. విడి బెల్లానికి ఆ నంబరూ ఉండదు. పచ్చగా మెరవాలని కొందరు పాకంలో హైడ్రోస్ అనే రంగు తేల్చే పొడి వేస్తారు, అదీ గంధకం సరుకే. సల్ఫైట్ల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ ఆస్తమా ఉన్న కొద్దిమందికి శ్వాసనాళాలు బిగిసేలా చేస్తుందట. అవే తిన్న నాకేం కాలేదు మరి.

ఆత్రేయపురంలో మా పిన్ని తెలిసినవాళ్ల దగ్గర హైడ్రోస్ వెయ్యని ముదురు బెల్లం తెచ్చి చుట్టించింది. "ఇంత నల్లగా ఉంటే చుట్టాలేమనుకుంటారే" అని అమ్మ గొణుగుతూనే రెండు తింది. రాత్రి పిల్లికూతల్లేవు. ఇన్‌హేలర్ మాత్రం మానలేదు.

ఇప్పుడు పరమాన్నంలో కిస్‌మిస్‌లు ఏరి నా గిన్నెలో వేస్తోంది.