మూడో తరగతి పిల్లాడికి అసలు ఏమేం వచ్చి ఉండాలి?

ప్రశ్న: సూర్యాపేట అమ్మ

అందరికీ నమస్తే. మా బాబు ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నేను తెలుగు మీడియంలో టెన్త్ దాకా చదివాను. ఇంట్లో బ్లౌజులు కుడతాను. వాళ్ళ నాన్న ఆటో తీసుకుని పొద్దున వెళ్తే రాత్రికే రావడం. కాబట్టి వాడి చదువు నేనే చూసుకోవాలి.

ప్రోగ్రెస్ కార్డు చూస్తే అన్నీ ఏ గ్రేడులే. మొన్న వంద నోటిచ్చి కిరాణా కొట్టుకు పంపాను. అరవై ఎనిమిది రూపాయల సామాను. ఎంత తిరిగి తెచ్చావురా అంటే చిల్లర నా చేతిలో పోసి, "అంకుల్ ఇచ్చిందే" అన్నాడు. ఎంత రావాలో మాత్రం చెప్పలేకపోయాడు. నోట్‌బుక్‌లో చూస్తే మూడంకెల తీసివేతలకు కూడా టిక్కులే! తెలుగూ అంతే. క్లాసు పుస్తకంలో పాఠం గడగడా చదివేస్తాడు, పేపర్లో పిల్లల పేజీ ఇస్తే కూడబలుక్కుంటాడు.

స్కూల్లో అడిగితే "బాగానే చదువుతున్నాడు మేడమ్, కావాలంటే ట్యూషన్ పెట్టించండి" అన్నారు. బాగా చదివేవాడికి ట్యూషన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ వయసుకు వాడికి ఏమేం రావాలి? ఎక్కాలు ఎంతవరకు? ఇంగ్లిష్ అంతగా రాని నేను ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: బెంగళూరు నాన్న

అక్కా, మా పాప కూడా మూడో తరగతే, సీబీఎస్ఈ. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పుస్తకాలన్నీ మార్చింది. బొమ్మలు, ఆటలు ఎక్కువ, లెక్కలు తక్కువ అనిపిస్తుంది. అందుకే మేం అబాకస్‌లో (పూసల చట్రంతో లెక్కలు నేర్పే క్లాసు) వేశాం. స్పీడ్ బాగా పెరిగింది. మీ దగ్గర సెంటర్ ఉంటే చూడండి.

జవాబు: రిటైర్డ్ ఎస్‌జీటీ, ఖమ్మం

అమ్మా, ట్యూషనూ అబాకసూ కాసేపు పక్కన పెట్టండి. పేపర్ ఇచ్చి చదివించారు చూడండి, అదే సరైన పరీక్ష. క్లాసు పుస్తకంలో పాఠం పిల్లలకు చెవుల ద్వారా కంఠతా వచ్చేస్తుంది. వేలు ఒక లైను మీద, నోరు ఇంకో లైను మీద ఉండే పిల్లలు నా క్లాసులో ఏటా ఉండేవాళ్ళు.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఒకటి రెండు తరగతుల్లో అయిపోవాలి. మూడులో కొత్త అక్షరం ఏదీ లేదు. నేర్చుకున్న చదువుతో ఇక మిగతా పాఠాలు చదువుకోవాలి. పరిసరాల విజ్ఞానం చదవాలన్నా, లెక్కల్లో రాత ప్రశ్న అర్థం కావాలన్నా చదవడమే దిక్కు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మూడో తరగతికి పెట్టుకున్న లక్ష్యం: ఇంతకుముందు చూడని పేరాను అర్థం చేసుకుంటూ నిమిషానికి 60 పదాలు చదవాలి. మన తెలుగులో "చదువుకుంటున్నప్పుడు" అన్నా ఒకటే పదం, కాబట్టి అయిదో పదో తగ్గితే కంగారు పడకండి. ఫోన్లో టైమర్ పెట్టి చదివించండి. అయ్యాక రెండు ప్రశ్నలు అడగండి, ఒకటి పేరాలోనే జవాబు ఉన్నది, ఇంకొకటి "ఎందుకలా చేశాడు" లాంటిది. రెండోదానికి నోరు తెరవకపోతే వేగం ఎంత ఉన్నా లాభం లేదు.

ఎక్కడ ఆగుతున్నాడో కూడా చూడండి. అక్క, పువ్వు లాంటి ద్విత్వాలు మామూలుగా వచ్చేస్తాయి. పద్మ, శబ్దం దగ్గర కాస్త నెమ్మదిస్తారు. వస్త్రం, రాష్ట్రం లాంటి వాటిలో రెండు ఒత్తులు ఒకేసారి వచ్చేసరికి ఒకటి మింగేస్తారు. బజారుకు తీసుకెళ్ళినప్పుడు బోర్డులు చదివించండి. "వస్త్రాలయం", "ఎలక్ట్రికల్స్" కంటే మంచి పాఠం నేను పెట్టలేను.

ఇక లెక్కలు. 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం, మూడంకెల కూడిక తీసివేత, చిన్న గుణకారాలు, పంచడం, అర, పావు, గడియారం, కొలతలు. పుస్తకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఇందులో పిల్లలు నిజంగా జారేది స్థానవిలువ దగ్గర. "మూడు వందల ఐదు" అని చెప్పి రాయమనండి. చాలామంది 3005 రాస్తారు. మూడు వందలు అనగానే 300 వేసి, ఐదు వినగానే పక్కన 5 తగిలిస్తారు. వాళ్ళు విన్నది విన్నట్టే రాశారు, తిట్టొద్దు. మూడు వంద నోట్లు, ఐదు రూపాయి బిళ్ళలు ముందు పెట్టి, మధ్యలో పది నోట్ల చోటు ఖాళీగా చూపించండి. ఆ ఖాళీకి గుర్తే సున్నా.

తర్వాత 402 లోంచి 178 తీసెయ్యమనండి. 376 వచ్చిందంటే ప్రతి చోటా పెద్ద అంకె లోంచి చిన్నది తీసేశాడన్నమాట. ఎనిమిదిలోంచి రెండు, ఏడులోంచి సున్నా, నాలుగులోంచి ఒకటి. మళ్ళీ నోట్లే తియ్యండి. ఎనిమిది బిళ్ళలు ఇవ్వాలి, ఉన్నవి రెండు. పది నోట్లు ఒక్కటీ లేవు. ఒక వంద నోటును పది పదులుగా, అందులో ఒక పదిని పది బిళ్ళలుగా మార్పించాలి. ఇప్పుడు వందలు 3, పదులు 9, బిళ్ళలు 12. జవాబు 224 తనంతట తనే వస్తుంది. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని ఊరికే చెప్పేస్తే, పక్కింట్లో సున్నా ఉన్నప్పుడు పిల్లాడు ఏం చేస్తాడు పాపం!

కొట్టు సంగతి వేరు. నోట్‌బుక్‌లో తీసివేత గుర్తు ముందే వేసి ఉంటుంది. కొట్టులో ఆ గుర్తు ఎవరూ వెయ్యరు. ఏ లెక్క చెయ్యాలో పిల్లాడే తేల్చుకోవాలి. కొట్టతను లెక్కపెట్టినట్టే నేర్పండి: అరవై ఎనిమిదికి రెండు కలిపితే డెబ్బై, ముప్పై కలిపితే వంద, మొత్తం ముప్పై రెండు.

ఎక్కాలు పది వరకు తడుముకోకుండా వస్తే చాలు. ఏడెనిమిదులు మర్చిపోతే ఏడేళ్ళ నలభై తొమ్మిదికి ఏడు కలుపుకోవడం తెలియాలి. ఇరవయ్యో ఎక్కం పాడించడం ఇంటికి వచ్చిన చుట్టాల ముందు గొప్పకు పనికొస్తుంది.

మీ పనిలోనే సగం సిలబస్ ఉంది. బ్లౌజుకు ఆరు హుక్కులైతే ఏడు బ్లౌజులకు ఎన్ని? యాభై హుక్కులతో ఎన్ని బ్లౌజులు అవుతాయి, ఎన్ని మిగులుతాయి? మీటరు లైనింగులో 80 సెంటీమీటర్లు కోస్తే మిగిలిందెంత? టేపు వాడి చేతికిచ్చి కొలవమనండి.

ఇంగ్లిష్ గురించి దిగులొద్దు. తెలంగాణ ప్రభుత్వ పుస్తకాల్లో 2022–23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. వాటిని తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లెక్కలది, పరిసరాల విజ్ఞానంది దించుకోండి. మీరు తెలుగు పేజీ చూసి అడగండి, వాడు ఏ భాషలో చెప్పినా సరే. మీ కుళాయి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, మీ నాన్నమ్మకు నువ్వేమవుతావు లాంటివి ఏ భాషలో తెలిసినా తెలిసినట్టే.

జవాబు: టెక్సాస్ తెలుగమ్మాయి

మాస్టారు చెప్పింది ఇక్కడా అంతే. మా వాడు థర్డ్ గ్రేడ్. టెక్సాస్‌లో స్టార్ అనే రాష్ట్ర పరీక్ష మొదలయ్యేది ఈ క్లాసులోనే, రీడింగూ మ్యాథ్సూ. పదో ఎక్కం వరకే అడుగుతారు కానీ, రెండు మెట్ల రాత ప్రశ్నలు ఉంటాయి. డబ్బాకు ఇన్ని పెన్సిళ్ళు, ఇన్ని డబ్బాలు, అందులో ఇన్ని పంచాడు, ఇంకా ఎన్ని ఉన్నాయి అని. మావాడు మొదటి మెట్టుతోనే జవాబు రాసేసి లేచొస్తాడు. ఇప్పుడు లెక్క చెయ్యకుండా, "ఏం అడిగారు?" అని సొంత మాటల్లో చెప్పించుకుంటున్నా. కర్సివ్ రాత కూడా ఉంది, అది వాడికి ఇంకో ఏడుపు.

జవాబు: ఒక నాన్న, మహబూబాబాద్

సార్, ఒక్క మాట. గురుకులంలో అయిదో తరగతి సీటుకు నాలుగులోనే ఎంట్రన్స్ రాయాలి. బిట్ పేపరు, వంద మార్కులు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాలు, మెంటల్ ఎబిలిటీ అన్నీ ఉంటాయి. మాలాంటి వాళ్ళకు ఆ సీటే ఆధారం. నోట్లూ బిళ్ళలూ పెట్టుకుని కూర్చుంటే టైము సరిపోతుందా? స్పీడ్ కూడా కావాలి కదా.

జవాబు: రిటైర్డ్ ఎస్‌జీటీ, ఖమ్మం

కావాలి నాయనా, కాదనను. స్పీడ్‌కు నాలుగో తరగతి మొత్తం ఉంది. 3005 రాసేవాడికి స్పీడ్ నేర్పితే తప్పే స్పీడ్‌గా చేస్తాడు. మూడు పూర్తయ్యేలోగా నోట్లు పక్కనపెట్టి కాగితం మీద చెయ్యగలిగితే, పాత ప్రశ్నపత్రాలు అప్పుడు మొదలుపెట్టండి.

సూర్యాపేట అమ్మ

సార్, మీరు చెప్పినట్టే అడిగాను. 305 కరెక్టుగా రాశాడు, సంతోషపడ్డా. నాలుగు వేల అరవై అంటే 400060 రాశాడు! 402 లెక్కకు అచ్చం మీరన్నట్టే 376. హుక్కుల లెక్క మాత్రం నిజం హుక్కులు ముందు పోసుకుని చేసి, రెండు మిగిలాయని చూపించాడు. చదవడం నిమిషానికి నలభై చిల్లర వచ్చింది, "స్త్రీ" దగ్గర ఆగిపోయాడు. ఇంకో సంగతి, స్కూలు వాళ్ళు రోజూ గంటన్నర హోంవర్క్ ఇస్తున్నారు. అది అయ్యాక వీటికి వాడికి ఓపిక ఉండట్లేదు. ఏం చెయ్యను?

జవాబు: రిటైర్డ్ ఎస్‌జీటీ, ఖమ్మం

300, 5 కలిపి రాయగలిగినవాడు వేల దగ్గర తడబడ్డాడంటే వందల చోటు ఖాళీ ఇంకా అలవాటు కాలేదు, అంతే. స్టేషనరీ కొట్లో పిల్లల ఆట నోట్లు దొరుకుతాయి, వెయ్యి నోట్లు లేకపోతే అట్టముక్కలు కోసి మీరే రాయండి. నలభై చిల్లర అంటే భయపడాల్సిన అంకె కాదు, రోజూ ఒక కొత్త పేరా చదివించండి.

హోంవర్క్ విషయం: కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానంలో రెండో తరగతి వరకు హోంవర్కే వద్దన్నారు, మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దన్నారు. ఆ కాగితం ప్రింటు తీసుకుని క్లాస్ టీచర్‌ను కలవండి, గొడవగా కాదు, నెమ్మదిగా. ఒక్కరే వెళ్ళకుండా ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్తే వింటారు. ఈలోగా ఒకే లెక్క పదిసార్లు రాయమన్న రోజు మూడుసార్లు రాయించి, కింద మీరు సంతకం పెట్టి పంపండి. నా క్లాసులో అలా పంపిన తల్లిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.