ఊరేగింపులోని ఇంజనుకు ఏ పేరు రాయాలి: పలక మీద ఉన్నదా, చట్రంలో ఉన్నదా?

బొగ్గుపొయ్యి:

మిత్రులకు నమస్కారం. స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుమార్గం మొదలై 150 ఏళ్లు నిండిన సందర్భంగా 1975 ఆగస్టు 31న ఇంగ్లండులోని షిల్డన్ దగ్గర పాత ఆవిరి ఇంజన్లను ఒకదాని వెనుక ఒకటిగా నడిపించిన ఊరేగింపు ఉంది కదా, ఆనాడు తీసిన రెండు రోళ్ల ఫొటోలు ఒక మిత్రుడి ద్వారా నా చేతికి వచ్చాయి. ఒక్కొక్క ఫొటో కింద ఒక వాక్యం రాసిపెడితే చాలనుకొని కూర్చున్నాను గాని, మొదటి ఫొటో దగ్గరే ఆగిపోవలసి వచ్చింది.

ఊరేగింపుకు ముందు నడిచిన ఇంజను మీద 'లోకోమోషన్' అని ఉంది. 1825 సెప్టెంబరు 27న ఆ మార్గం మీద తొలి రైలును లాగిన ఇంజను పేరు అదే. అయితే ఫొటోలో ఉన్నది ఆ ఇంజను కాదు, ఆ పండుగ కోసమే తయారు చేసిన నకలు. కింద 'లోకోమోషన్' అని రాస్తే అబద్ధం రాసినట్టా, 'నకలు' అని రాస్తే ఆ రోజు జనం చూసినదాన్ని తక్కువ చేసినట్టా అన్నది నాకు తేలలేదు. నా మొగ్గు మాత్రం మొదటిదానివైపే ఉంది: ఆ రోజు ఇంజను ఏ పేరు, ఏ అంకె తగిలించుకొని నడిచిందో అదే రాయాలి. ఊరేగింపు ఫొటో అంటే ఆ రోజుకు సాక్ష్యమే తప్ప ఇంజను వంశవృక్షం కాదు కదా. మీరు కాదంటే కారణం చెప్పండి.

చట్రం:

కాదనే అంటాను. పేరు పలకను నాలుగు బోల్టులు విప్పి పది నిమిషాలలో మార్చవచ్చు. అంత సులువుగా మారేదాన్ని గుర్తింపు అనడం ఎలా కుదురుతుంది? నా లెక్కలో ఇంజను ఏదో చెప్పేది దాని చట్రం, అంటే చక్రాల మీద మిగతా భాగాలన్నిటినీ మోసే ఇనుప అడుగు.

ఇదే మార్గానికి నూరేళ్లు నిండిన 1925 జులైలో కూడా ఊరేగింపు జరిగింది. అందులో నడిచింది అసలు లోకోమోషనే. అయితే దాన్ని కదిలించింది ఆవిరి కాదు, టెండరులో, అంటే వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండిలో దాచిపెట్టిన పెట్రోలు ఇంజను; పొగగొట్టంలో నూనె గుడ్డపేలికలు కాల్చి పొగ రప్పించారు. అంటే 1925లో అసలు ఇంజను దొంగ ఆవిరితో నడిచింది, 1975లో నకలు ఇంజను నిజమైన ఆవిరితో నడిచింది. పలకను మాత్రమే చదివేవారికి ఈ రెండు ఫొటోల కింద ఒకే మాట దొరుకుతుంది. ఆ మాట ఎంతవరకు ఉపయోగమో మీరే ఆలోచించండి.

ఇంకొక ఉదాహరణ అమెరికాది. బాల్టిమోర్ అండ్ ఓహాయో రైల్వేకు 'ఆండ్రూ జాక్సన్' అని 1836 నాటి ఇంజను ఒకటి ఉండేది. 1893 షికాగో ప్రదర్శన కోసం 1892లో దాని రూపాన్ని సవరించి, 1832 నాటి 'అట్లాంటిక్' ఇదేనంటూ నిలబెట్టారు. అది నకలు కాదు, నిజంగానే ఆ కాలపు ఇనుము. వేరొకరి పేరుతో తిరుగుతున్న నిజమైన ముసలి ఇంజను. పలకనే నమ్మినంతకాలం ఆండ్రూ జాక్సన్ అనే ఇంజను లోకంలో లేనట్టే లెక్క అవుతుంది. ఇది వేషం విషయం కాదు, ఒక ఇంజను ఉనికినే కాగితం మీద తుడిచివేయడం.

పట్టాల పక్కన:

చట్రం గారూ, మీ రెండు ఉదాహరణలూ బాగున్నాయి గాని, 'అసలు' అనే మాటను మీరు అనుకున్నంత గట్టిగా పట్టుకోలేము. 'రాకెట్' అనే తొలినాటి ఆవిరి ఇంజను సంగతి చూడండి. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ ఇంజన్ల పోటీలో గెలిచినప్పుడు దాని సిలిండర్లు వెనుకవైపు ఎత్తున, బాగా ఏటవాలుగా ఉండేవి. తర్వాత కొద్దికాలానికే వాటిని కిందికి దించి, దాదాపు అడ్డంగా అమర్చారు. ఈ రోజు సంగ్రహాలయంలో ఉన్న అసలు రాకెట్‌కు ఉన్నది ఆ మారిన రూపమే. కాబట్టి 1980 మే నెలలో రెయిన్‌హిల్ ఉత్సవానికి తెచ్చిన, 1979లో తయారైన నకలే, పోటీనాటి రాకెట్‌ను అసలు ఇంజనుకంటే ఎక్కువగా పోలి ఉంది. ఫొటో కింద 'నకలు' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, చదివేవాడు దాన్ని తక్కువరకం వస్తువు అనుకొని పేజీ తిప్పేస్తాడు.

నకలుకు కూడా వయసు వస్తుందన్న సంగతి మరచిపోకూడదు. జర్మనీలో 1835 డిసెంబరు 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యుర్త్‌కు తొలి రైలును నడిపిన 'ఆడ్లర్' 1857 దాకా, అంటే ఇరవై రెండేళ్లు మాత్రమే పని చేసింది. నూరేళ్ల పండుగకు 1935లో చేసిన నకలు మాత్రం యుద్ధాన్ని దాటింది, 1985లో 150 ఏళ్ల పండుగ చూసింది, 2005 అక్టోబరులో షెడ్డు అంటుకున్నప్పుడు కాలిపోయింది, బాగు చేస్తే 2007లో మళ్లీ పట్టాలెక్కింది. అసలు ఆడ్లర్ కంటే ఈ నకలు జీవితమే పొడుగైనది. పైగా 1950లలో తనంత తాను నడవలేని ఇంకొక ఆడ్లర్‌ను కూడా ప్రదర్శనల కోసం చేశారు. ఆడ్లర్ ఫొటో కింద 'నకలు' అని రాస్తే అది ఏ నకలు?

బొగ్గుపొయ్యి:

మొదట నేను రాసిన దానిలో కొంత వెనక్కి తీసుకోవలసి వస్తోంది. అందుకు కారణం మీ వాదన కంటే ఎక్కువగా నా దగ్గరున్న ఫొటోలే.

నిన్న రాత్రి భూతద్దం పెట్టుకొని రెండవ రోలు చూశాను. ఒక ఫొటోలో నలుపు రంగు 4-6-0 ఇంజను (ముందు నాలుగు చిన్న చక్రాలు, వాటి వెనుక ఆరు పెద్ద చక్రాలు), పక్క నుంచి తీసినది. అంకె ఉన్న చోట ఎండ పడి తెల్లగా మెరిసిపోయింది, ఒక్క అక్షరమూ కనబడదు. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే వారి 'బ్లాక్ ఫైవ్' తరగతి అని పోలికను బట్టి తెలుస్తూనే ఉంది. అయితే ఆ తరగతిలో 842 ఇంజన్లు తయారయ్యాయి, షిల్డన్‌కు ఒకటికి మించి వచ్చాయి కూడా. అప్పుడు నడిమి పెద్ద చక్రం దగ్గర చూశాను. మామూలు బ్లాక్ ఫైవ్‌కు అక్కడ వాల్షార్ట్స్ గేరు, అంటే సిలిండర్లలోకి ఆవిరిని వేళకు వదిలే కడ్డీల అమరిక, ఉంటుంది: చక్రపు పిన్ను మీది చిన్న క్రాంకు నుంచి ఒకే కడ్డీ ముందుకు పోయి, పైకి నిలబడిన లింకును ఊపుతుంది. ఈ ఫొటోలో ఆ క్రాంకు రెండు మడతలుగా ఉంది, దాని నుంచి రెండు కడ్డీలు జంటగా పోయి ఒక వంపు లింకును పట్టుకొన్నాయి. చక్రాల బయట స్టీవెన్సన్ లింకు గేరు ఉన్న బ్లాక్ ఫైవ్ ఆ 842లో ఒక్కటే: 1947 చివరలో క్రూ కర్మాగారంలో తయారైన 4767. అంకె కనబడకుండానే ఇంజను తన పేరు చెప్పింది. (ఆ గేరు ఉన్నందుకే కాబోలు, 1975లో షిల్డన్‌లోనే దానికి 'జార్జి స్టీవెన్సన్' అని పేరు పెట్టారు. సర్వీసులో ఉన్నన్నాళ్లు దానికి పేరే లేదు కాబట్టి, ఆ పేరు పలక ఉన్న ఏ ఫొటో అయినా 1975కు ముందుది కాజాలదు.)

అందుచేత పలకే సర్వస్వం అన్న మాట వదులుకుంటున్నాను. అయినా చట్రం గారి వైపుకు పూర్తిగా రాలేను, ఎందుకో తర్వాతి ఫొటో చెబుతుంది. నీలం రంగు 'సర్ నైజెల్ గ్రెస్లీ', అంకె 4498. ఆ అంకె 1937లో అది పుట్టినప్పటిది. కానీ అప్పుడు చక్రాల మీద కప్పుగా ఉన్న పక్క రేకులు ఫొటోలో లేవు, అవి యుద్ధకాలంలో పోయాయి. పొగగొట్టం జంటది, అది 1957లో పెట్టినది. ఇంజను అసలుదే, అంకె నిజమైనదే, రంగు ఒకప్పుడు దానికి ఉన్నదే. అయినా ఈ మూడూ ఆ పొగగొట్టంతో కలిసి సర్వీసులో ఏ ఒక్క రోజూ లేవు. చట్రాన్ని మాత్రమే చూసేవారు దీన్ని ఎలా చెబుతారు?

చట్రం:

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఇంజనును కూడా అదే గాటన కట్టండి. 1923లో 1472గా బయటికి వచ్చి, 1924లో 4472 అయి, 1946లో మొదట 502, వెంటనే 103 అయి, చివరికి జాతీయం చేసిన రైల్వేలో 60103 అయింది. 1947 జనవరిలో దాన్ని ఏ1 తరగతి నుంచి ఏ3 తరగతికి మార్చి కట్టారు. అంటే 4472 అంకె ఉన్నంతకాలం అది ఏ1, ఏ3 అయ్యేనాటికి ఆ అంకె పోయింది. షిల్డన్‌లో మీరు చూసేది 4472 అంకె వేసుకొన్న ఏ3. దాన్ని రైలు ప్రియులు తయారు చేసుకొన్నారే గాని ఏ రైల్వే నడపలేదు.

మీ ప్రశ్నకు జవాబు ఇదీ: నేను చట్రం అన్నది అదే చివరి సత్యమని కాదు, మిగతావాటికంటే తక్కువగా మారుతుందని. బ్రిటన్ కర్మాగారాలలో పెద్ద మరమ్మతుకు ఇంజను వస్తే దాని బాయిలరును తీసి పక్కన పెట్టి, అప్పటికే సిద్ధంగా ఉన్న ఇంకొక బాయిలరును బిగించి పంపేవారు. బాయిలరు బాగు చేయడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతకాలం ఇంజనును ఖాళీగా నిలబెట్టడం దండుగ అన్నది వారి లెక్క. కడ్డీలు కూడా అలాగే ఒక ఇంజను నుంచి ఇంకొకదానికి మారేవి. వాటి మీద చెక్కిన అంకెలు చదివి 'ఇది ఫలానా ఇంజను' అని తీర్మానించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: ఒకే ఇంజను మీద మూడు ఇంజన్ల అంకెలు కనబడటం కర్మాగారంలో రోజూ జరిగే పనే. అక్కడ దొంగతనమేమీ లేదు.

గూడ్స్ గార్డు:

అందరూ ఇంజన్ల గురించే మాట్లాడుతున్నారు, వాటి వెనుక ఉన్న పెట్టెల సంగతి ఎవరికీ పట్టలేదు. పెట్టెల విషయంలో ఈ చిక్కు రెట్టింపు. పాతబడిన ప్రయాణికుల పెట్టెలను తీసివేసేటప్పుడు చెక్క పైభాగాన్ని షెడ్డుగానో ఇల్లుగానో వాడుకొనేవారికి అమ్మి, కింది ఇనుప చట్రాన్ని, చక్రాలను తుక్కుకు వేసేవారు. యాభై అరవై ఏళ్ల తర్వాత ఆ పైభాగాన్ని వెతికి తెచ్చి, వేరే పెట్టె చట్రం మీద కూర్చోబెట్టి బాగు చేస్తారు. అలాంటి పెట్టెను చట్రాన్ని బట్టి గుర్తిస్తే వయసు తప్పుతుంది, పైభాగాన్ని బట్టి గుర్తిస్తే చక్రాల వయసు తప్పుతుంది. ఇంజనుకు పని చేసే సూత్రం పెట్టెకు తలకిందులవుతుందని చట్రం గారు ఒప్పుకోక తప్పదు.

చట్రం:

ఒప్పుకుంటున్నాను. పెట్టెకు నా సూత్రం చెల్లదు.

పట్టాల పక్కన:

వయసుకు, రూపానికి సంబంధం లేదని చెప్పడానికి ఇంజనే కావాలంటే 69023 ఉంది. చూడటానికి పందొమ్మిదో శతాబ్దపు చిన్న షంటింగ్ ఇంజను, అంటే యార్డులో పెట్టెలను అటూ ఇటూ మార్చేది. నార్త్ ఈస్టర్న్ రైల్వే వారు 1898లో గీసిన నమూనా. కానీ ఈ ఇంజను తయారైంది 1951లో, ఆ రైల్వే పేరు చరిత్రలో కలిసిపోయిన ఇరవై ఎనిమిదేళ్లకు. దాన్ని నకలు అందామా? అనలేము, ఎందుకంటే అదే తరగతికి, అదే పని కోసం, జాతీయం చేసిన రైల్వేయే కట్టుకొంది. షిల్డన్ నకలు లోకోమోషన్‌కు, దీనికి తేడా ఇనుము వయసులో లేదు. దేనికోసం కట్టారన్న దానిలో ఉంది. సరుకు లాగడానికి కట్టినది ఒకటి, ఉత్సవానికి కట్టినది ఇంకొకటి. నన్నడిగితే ఫొటో కింద రాయవలసినది అదే.

డీజిలు ఇంజన్లకు ఈ బాధ ఉండదని ఎవరైనా అనుకుంటే, ఊరేగింపు చివరి ఫొటో చూడండి. అక్కడ నడిచింది హై స్పీడ్ ట్రైన్ నమూనా, 1973లో గంటకు 230 కిలోమీటర్లు అందుకొన్నది. దాని ముందు ఇంజను మొదట 41001. తర్వాత దాన్ని ఇంజనుగా కాక రైలు సెట్టులో భాగంగా లెక్కించి 43000 చేశారు. ఇనుములో ఒక్క మేకు మారలేదు, లెక్క మాత్రమే మారింది.

బొగ్గుపొయ్యి:

మీ మాటలన్నీ ముందు పెట్టుకొని ఈ రోజు నాలుగు వాక్యాలు రాశాను. తప్పులుంటే దిద్దండి.

ఫొటో 1: 'లోకోమోషన్' పేరుతో ఊరేగింపుకు ముందు నడిచిన నకలు, ఈ ఉత్సవం కోసం 1975లో కట్టినది, తన ఆవిరితోనే నడుస్తోంది.

ఫొటో 14: బ్లాక్ ఫైవ్ 4767, 'జార్జి స్టీవెన్సన్', అంకె కనబడదు, బయటి స్టీవెన్సన్ లింకు గేరును బట్టి గుర్తించినది.

ఫొటో 15: సర్ నైజెల్ గ్రెస్లీ, 1937 నాటి 4498 అంకెతో, 1957 నాటి జంట పొగగొట్టంతో.

ఫొటో 22: ఇందులో సిలిండర్ల దగ్గర ఆవిరి కమ్మి చక్రాలు, బాయిలరు పక్కలు పూర్తిగా మునిగిపోయాయి. కనబడేది పొగగొట్టం, బాయిలరు మీది గోపురం, డ్రైవరు నిలబడే క్యాబు అంచు మాత్రమే. గ్రేట్ వెస్టర్న్ వారి ఇంజనైతే 1948లో జాతీయం చేసినప్పుడు కూడా అంకె మార్చలేదు గనుక, క్యాబు మీది పోత పలకలో ఒక్క అంకె చిక్కినా పని తేలిపోయేది. ఇది వారిది కాదు. కాబట్టి దీని కింద 'గుర్తించలేదు' అనే రాశాను. నెగెటివును మళ్లీ పెద్దది చేయించి క్యాబు అంచు భాగాన్ని ఇక్కడ పెడతాను. గూడ్స్ గార్డు గారు ఈలోగా దాని వెనుక కనబడుతున్న పెట్టె కిటికీలను లెక్కపెట్టగలరేమో చూడండి.