ఆపరేషన్ పోస్టింగా, ఆఫీసు సీటా: విద్యుత్ సంస్థల్లో మహిళా ఇంజనీర్ల ఎదుగుదలపై ఒక సందేహం

ప్రశ్న (పంపినవారు: ఎం.ఆర్.టి. ఏఈ)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం మీటర్లు, రిలేలు పరీక్షించే ఎం.ఆర్.టి. విభాగంలోనే గడిపాను. ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు) పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. సరిగ్గా ఈ సమయానికే మా సర్కిల్‌లో ఒక ఆపరేషన్ సబ్‌డివిజన్ (క్షేత్రంలో సరఫరా నడిపే విభాగం) ఏడీఈ పోస్టు ఖాళీ అవుతోంది. దానికి రిక్వెస్ట్ పెట్టుకోవాలని ఉంది. మా డీఈ (డివిజనల్ ఇంజనీరు) గారు మంచి మనసుతోనే, "అర్ధరాత్రి ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే సరఫరా లైను) ట్రిప్పయితే పిల్లలను వదిలి ఎక్కడ తిరుగుతావమ్మా, కార్పొరేట్ ఆఫీసులో కమర్షియల్ సీటుకు నేను చెబుతాను" అన్నారు. ఇంట్లో మా అత్తగారిదీ అదే మాట.

అయితే నాతో పాటు ఉద్యోగంలో చేరిన ఆడవాళ్లలో దాదాపు అందరమూ ఎం.ఆర్.టి.లోనో, కొనుగోళ్లలోనో, ఐటీలోనో ఉన్నాము. మగవాళ్లలో ఎక్కువమంది ఒక్కసారైనా సెక్షన్ (సబ్‌డివిజన్ కింది క్షేత్ర విభాగం) చూసినవారే. మమ్మల్ని ఎవరూ అడ్డుకున్నది లేదు, ఎవరూ కించపరచిందీ లేదు. ప్రతిసారీ మా సౌకర్యం కోసమేనని చెప్పి పంపినవే ఈ పోస్టింగులన్నీ. ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు), సీఈ (చీఫ్ ఇంజనీరు), ఆపై డైరెక్టరు స్థాయికి వెళ్లాలనుకునేవారికి ఆపరేషన్ అనుభవం నిజంగా అంత అవసరమా? తీసుకుంటే, చేరకముందే సంస్థను ఏమేమి అడిగి పెట్టుకోవాలి?

సమాధానం (విశ్రాంత ఎస్ఈ)

అమ్మా, మీ డీఈ గారి ఉద్దేశాన్ని నేను శంకించను గానీ, ఆయన సలహా మీ పదేళ్ల తరువాతి జీవితాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మన సంస్థల్లో కొంత దూరం వరకు సీనియారిటీయే మనిషిని మోసుకుపోతుంది. డైరెక్టరు పదవి అలా రాదు. అది ఎంపికతో భర్తీ అయ్యేది. ఆ ఎంపికలో అడిగేవి ఏ ప్రాంతం చూశారు, లైన్ లాసులు (దారిలో వృథా అయ్యే కరెంటు) ఎంత తగ్గించారు, వసూళ్లు ఎలా ఉన్నాయి, తుఫాను వచ్చినప్పుడు ఎన్నాళ్లకు సరఫరా ఇచ్చారు అన్న ప్రశ్నలే. వీటికి ఎం.ఆర్.టి. సీటులో కూర్చుని ఎంత గొప్పగా పనిచేసినా జవాబు పుట్టదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తరువాత పునరుద్ధరణ పనులకు ఇతర జిల్లాల నుంచి వెళ్లినవారిలో నేనూ ఉన్నాను. స్తంభాలు నిలబెట్టడం కాంట్రాక్టరు మనుషులు చేస్తారు; కానీ ఏ ఫీడరు ముందు, ఆసుపత్రికా, మంచినీటి పంపుహౌసుకా, కలెక్టరు కార్యాలయానికా అన్నది నిమిషాల్లో తేల్చవలసినవాడు అక్కడి ఇంజనీరు. లైన్ క్లియర్ (కరెంటు తీసిన లైను మీద పనికి ఇచ్చే అనుమతి) ఇచ్చేటప్పుడు బ్రేకరు తీయించి, ఏబీ స్విచ్ (లైనును విడదీసే స్విచ్) లాగించి, పని జరిగే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయించి, లైన్ క్లియర్ నంబరు పుస్తకంలో రాసుకున్న తరువాతే మనిషిని స్తంభం ఎక్కనిస్తాము. పక్క లైను నుంచి గానీ, ఎవరింట్లోనో నడుస్తున్న జనరేటరు నుంచి గానీ కరెంటు వెనక్కి వస్తే పోయేది ఒక ప్రాణం. ఇటువంటి నిర్ణయాలు పదే పదే చేసిన మనిషి మాటను లైన్‌మెన్లు వింటారు. నాయకత్వం మీద సంస్థలు పెట్టే శిక్షణ తరగతుల్లో ఇది దొరకదు. (ఆ తరగతుల్లో భోజనం బాగుంటుందన్నది వేరే విషయం.)

ఇక ఏమి అడగాలన్నది. అన్నిటికన్నా ముందు మరుగుదొడ్డి. ఇది చిన్న విషయమని నవ్వేవారు ఒక్క పూట 33/11 కేవీ సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో ఉండి చూడాలి. ఊరికి దూరంగా, చేల మధ్య ఉండే ఆ సబ్‌స్టేషన్లలో చాలాచోట్ల ఆ సదుపాయం ఉండదు. ఉన్నా నీళ్లుండవు, లేదా తాళం ఆపరేటరు దగ్గర ఉంటుంది. మగవాళ్లకు ఇబ్బంది కనిపించదు. ఆడవాళ్లు మాత్రం తనిఖీకి బయలుదేరే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మీ సబ్‌డివిజన్ కింద ఉన్న సబ్‌స్టేషన్ల పేర్లన్నీ రాసి, ఏది ఎలా ఉందో చూసి, అంచనా వేయించి, చేరిన మొదటి నెలలోనే పంపండి. మీ కోసమని కాకుండా, అక్కడికి వచ్చే సిబ్బంది అందరి కోసమని రాయండి. వాహనం, పక్క సబ్‌డివిజన్ ఏడీఈతో రాత్రి పిలుపులు వంతులవారీగా పంచుకునే ఏర్పాటు, ఈ రెండూ ఎస్ఈ స్థాయిలోనే తేలిపోతాయి.

సమాధానం (థర్మల్ షిఫ్టు)

విశ్రాంత ఎస్ఈ గారు పంపిణీ సంగతి చెప్పారు. ఉత్పత్తి కేంద్రాల్లో మా ఇబ్బంది చట్టంతోనే మొదలైంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మహిళలను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పనిలో ఉంచాల్సి ఉండేది; రాష్ట్ర ప్రభుత్వాలు సడలించినా రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 వరకు వీలుండేది కాదు. థర్మల్ కేంద్రం రాత్రి ఆగదు. మూడు షిఫ్టులు చేయనివారిని షిఫ్టు ఛార్జి ఇంజనీరు చేయరు, షిఫ్టు ఛార్జి చూడనివారికి ప్లాంటు అధిపతి పదవి అందదు. నన్ను చేరిన రోజునే ఎఫిషియెన్సీ విభాగానికి (ప్లాంటు పనితీరు లెక్కలు చూసేది) పంపడానికి కారణం ఇదే తప్ప ఎవరి దురుద్దేశమూ కాదు.

గనుల్లోనూ ఇదే తీరు. 1952 చట్టం మహిళలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాలకు రాతపూర్వక సమ్మతితో మినహాయింపు ఇచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాక, రాత్రి పని కూడా సమ్మతి ఉంటే, భద్రతా ఏర్పాట్లు ఉంటే చేయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సమ్మతి అన్న మాటను అధికారులు తమకు తోచినట్టు చదువుకుంటారు. అడగకుండానే "ఆమె ఒప్పుకోదులే" అని పట్టికలో పేరు పెట్టరు. అందుకే నేను సమ్మతి పత్రాన్ని ఎవరూ అడగకముందే రాసి ఇచ్చాను. ఇప్పుడు బి-షిఫ్టు (మధ్యాహ్నం), సి-షిఫ్టు (రాత్రి) రెండూ చేస్తున్నాను.

సమాధానం (పునరుత్పాదక ప్రణాళిక)

పై ఇద్దరితో నేను పూర్తిగా ఏకీభవించలేను. మన దేశపు ఇంధన రంగంలోని ప్రభుత్వ సంస్థల్లో ఉన్నత పదవులకు చేరిన మహిళలను చూడండి. 2014లో చమురు సంస్థ హెచ్‌పీసీఎల్ అధిపతి అయిన నిషి వాసుదేవ మార్కెటింగ్ నుంచి, 2022 జనవరిలో ఓఎన్‌జీసీ బాధ్యతలు తాత్కాలికంగా చేపట్టిన అల్కా మిట్టల్ మానవ వనరుల విభాగం నుంచి, 2023లో పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ పగ్గాలు చేపట్టిన పర్మిందర్ చోప్రా ఆర్థిక విభాగం నుంచి వచ్చారు. 2021లో ఇంజనీర్స్ ఇండియా అధిపతి అయిన వర్తికా శుక్లా ఇంజనీరే అయినా ఆ సంస్థ పని డిజైన్, కన్సల్టెన్సీ. అంతెందుకు, 1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించి దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పేరు పొందిన మన తెలుగింటి అయ్యలసోమయాజుల లలిత గారు కూడా కలకత్తాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ పనిలోనే రాణించారు. భాక్రానంగల్ ఆనకట్ట పనుల్లో ఆమె చేయి ఉంది. అడుగడుగునా ఆపరేషన్ దారే దారి అంటే, రాత్రి పిలుపులకు వెళ్లలేని పరిస్థితి ఉన్నవారికి మనమే తలుపు మూసినట్టవుతుంది.

సౌర, పవన రంగం మెరుగని అనుకునేవారికి ఒక మాట. ఐరెనా (అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ) 2019 నివేదిక ప్రకారం పునరుత్పాదక ఇంధన రంగ ఉద్యోగుల్లో మహిళలు 32 శాతం, చమురు-సహజ వాయువు రంగంలో 22 శాతం. అయితే ఆ 32లోనే పరిపాలన ఉద్యోగాల్లో 45 శాతం, సైన్సు-ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో 28 శాతం. కొత్త రంగంలోనూ మనవాళ్లు ఆఫీసు వైపే పేరుకుంటున్నారు.

సమాధానం (థర్మల్ షిఫ్టు)

మీరు చెప్పిన పేర్లు నా వాదననే బలపరుస్తున్నాయని నాకు అనిపిస్తోంది. ఆ నలుగురిలో ప్లాంటునో, గ్రిడ్డునో నడుపుతూ పైకి వచ్చినవారు ఒక్కరూ లేరు. అది వారి లోపం కాదు, వారు చేరిననాడు ఆ మెట్లు మహిళలకు దాదాపు మూసి ఉన్నాయి. మీరు చివర ఇచ్చిన లెక్క కూడా అదే చెబుతోంది.

ప్రశ్న వేసినవారి మాట (ఎం.ఆర్.టి. ఏఈ)

అందరికీ కృతజ్ఞతలు. రిక్వెస్ట్ పెట్టాలనే నిశ్చయించుకున్నాను. ఒక్క అనుమానం: నా దరఖాస్తు డీఈ గారి బల్ల దాటకుండా, బదిలీల గడువు ముగిసేదాకా అలాగే ఉండిపోతే ఏమి చేయాలి? ఆయనతో విరోధం నాకు ఇష్టం లేదు.

సమాధానం (విశ్రాంత ఎస్ఈ)

విరోధం అవసరం లేదు, అమ్మా. దరఖాస్తు డీఈ గారి ద్వారానే పంపండి, ముందస్తు ప్రతి నేరుగా ఎస్ఈ కార్యాలయంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు (అందినట్టు వేసే నమోదు నంబరు) తీసుకోండి. డీఈ గారికి ఆ సంగతి మీరే ముందు చెప్పండి, వేరేవాళ్ల ద్వారా తెలియనివ్వకండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి; "మహిళ కనుక" అని కాగితం మీద రాసే ధైర్యం నేడు ఎవరికీ లేదు. తెలంగాణలో 2019 జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ మహిళలను పక్కన పెడితే, ఇద్దరు యువతులు హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గారు. వారిలో సిద్దిపేట జిల్లా అమ్మాయికి 2022లో నియామక పత్రం అందింది. మీకు కోర్టు దాకా వెళ్లవలసిన పని పడదు. ఆ సబ్‌డివిజన్‌లో ఎన్ని ఫీడర్లున్నాయో, ఏ ఫీడరు మీద బ్రేక్‌డౌన్లు ఎక్కువో ఇప్పటి నుంచే తెలుసుకుని ఉంచండి. ఎస్ఈ గారు పిలిచినప్పుడు మొదట అడిగేది అదే.