గీజర్ వేస్తే లోపల పేలాలు వేగుతున్నట్టు మోత: అద్దె ఇల్లు, ఖర్చు ఎవరిది?

అద్దెకొంప_నిజాంపేట

నిజాంపేటలో అద్దెకుంటున్నాం, మూడో అంతస్తు. ఓనర్ పెట్టించిన 25 లీటర్ల గీజర్ బాత్‌రూమ్ గోడకి ఉంది, ఆ గోడకి ఇవతలే మా మంచం. ఆన్ చేసిన కాసేపటికి మొదట సన్నగా రొద, తర్వాత టపటపా టపటపా, అచ్చం బాణలిలో పేలాలు వేగుతున్నట్టే, మధ్యలో ఎవరో స్పానర్‌తో కొట్టినట్టు ఠంగుమని ఒక్కటి. అయిదింటికి నాకు క్యాబ్ వస్తుంది కాబట్టి నాలుగుంబావుకే వెయ్యాలి, ఏడు నెలల పాప ఉలిక్కిపడి లేస్తుంది, ఇక మా ఆవిడ నిద్ర అంతటితో సరి. పోయిన చలికాలం ఇంత లేదు. అప్పుడు రెండు బకెట్లు వేడిగా వచ్చేవి, ఇప్పుడు ఒకటిన్నరకే చల్లబడిపోతోంది.

ఓనర్‌కి ఫోన్ చేస్తే "మీరు దిగినప్పుడు బానే ఉంది కదా, వాడింది మీరే, బాగు చేయించుకోవాల్సిందీ మీరే" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. నీళ్ళు బోరువి, ఎండాకాలం ట్యాంకర్. ఇది పేలిపోయే రకం మోతా? నిజంగా టెన్షన్‌గా ఉంది. ఖర్చు నేనే పెట్టుకోవాలా?

పాత_మెకానిక్

తమ్ముడూ, అది సున్నం. పదకొండేళ్ళు గీజర్లు విప్పాను, ఈ మోత గుమ్మంలోంచి వింటే చాలు.

బోరు నీళ్ళు కాగినప్పుడు అందులోని కాల్షియం విడిపోయి ఎలిమెంట్‌కి, అంటే నీళ్ళు వేడిచేసే కడ్డీకి, పట్టేస్తుంది. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడు, తెల్లటి పొర ఉంటుంది, అదే ఇది. ఆ పొర కింద చిక్కుకున్న నీళ్ళు ఆవిరై బయటికి తన్నుకొస్తాయి, పక్కనున్న నీళ్ళు తగలగానే ఆ బుడగలు చితికిపోతాయి, నీకు వినిపించే టపటప అదే. ఒకసారి ప్రగతినగర్‌లో ఒకరింట్లో విప్పితే చిటికెన వేలంత ఎలిమెంట్ కడ్డీ మణికట్టంత అయింది, కన్నంలోంచి బయటికే రాలేదు, స్క్రూడ్రైవర్‌తో కొట్టి కొట్టి పెచ్చులు రాల్చి లాగాం. ట్యాంకు అడుగున గుప్పెళ్ళకొద్దీ కంకర లాంటి ముక్కలు. నీకు వేడి నీళ్ళు తగ్గడానికి కూడా ఇదే కారణం అయ్యుంటుంది, అడుగున చోటంతా అదే తినేస్తుంది.

మోత వచ్చినంత మాత్రాన పేలదు. చన్నీళ్ళు లోపలికొచ్చే పైపు దగ్గర సేఫ్టీ వాల్వ్ ఉంటుంది, వేడెక్కేటప్పుడు దాన్నుంచి నాలుగు బొట్లు పడితే అది పనిచేస్తున్నట్టు లెక్క. కారుతోంది కదా అని కొందరు దానికి డమ్మీ కొట్టి మూసేస్తారు, ఆ పని మాత్రం ఎవ్వరినీ చెయ్యనివ్వకు, పేలేది అప్పుడే. ఇక అసలు భయపడాల్సింది కరెంటుకి. సున్నం పట్టిన ఎలిమెంట్ వేడి బయటికి వదల్లేక తనే కాలిపోతుంది, పైతొడుగు చిట్లితే నీళ్ళలోకి కరెంట్ వస్తుంది. స్నానానికి దిగే ముందు స్విచ్ ఆపెయ్యి. డిబిలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌ల పెట్టెలో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉందా చూడు, లేకపోతే గీజర్ కన్నా ముందు అది పెట్టించాలి.

నువ్వు విప్పొద్దు, మెకానిక్‌ని పిలు. ఎలిమెంట్‌ని నిమ్మ ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళలో నానబెట్టించు, బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోనివ్వకు, లోపలి పూత పోతుంది. గాస్కెట్ (నీళ్ళు కారకుండా బిగించే రబ్బరు రింగు) కొత్తది వేయించు, పాతదే బిగిస్తే వారంలో కారుతుంది. లోపల ఆనోడ్ అని మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది అరిగిపోతుంటుంది, తీగలా మిగిలితే మార్చెయ్యడమే. థర్మోస్టాట్ 60 దాటనివ్వకు, ఎంత మరిగిస్తే సున్నం అంత తొందరగా పడుతుంది.

అగ్రిమెంట్_చదివినోడు

పోట్లాడే ముందు అగ్రిమెంట్ తియ్యండి బ్రదర్. 11 నెలల కాగితం మీద సంతకం పెడతాం గానీ చదివేవాడెవడు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ షెడ్యూల్లో గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్ళ జాబితాలోనే పెట్టారు, కుళాయి వాషర్లతో పాటు. గోడలకి సున్నం వేయించడం, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వైపు. అది నమూనా చట్టమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే అదీ చెల్లుతుంది. కానీ చట్టం చట్టం అని మీరు మొదలుపెడితే మీ ఓనర్ దాన్నే మీకు చూపిస్తాడు, అందుకే చెప్తున్నా.

నా పద్ధతి: క్లీనింగ్ నాది, పార్టులు ఓనర్‌వి. ముందే వాట్సాప్‌లో ఒప్పించాలి, చెప్పకుండా అద్దెలో కోసేస్తే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో గీకుతాడు. ట్యాంకే కారుతుంటే అది వేరే సంగతి, కొత్త గీజర్ మనం కొని ఆయన గోడకి తగిలించి రావడమేంటి? మోత ఇప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

రీడింగ్_కోడలు

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇక్కడా నీళ్ళల్లో సున్నమే, మా బాయిలర్ కూడా ఇలాగే కూసేది. దీనికి కెట్లింగ్ అని పేరు కూడా ఉంది. తేడా ఏంటంటే, ఇక్కడ 1985 చట్టం ప్రకారం వేడి నీళ్ళ సిస్టమ్ బాగుచేయించే బాధ్యత ఓనర్‌దే, గ్యాస్‌ది కాబట్టి మనల్ని ముట్టుకోనివ్వరు కూడా. చట్టం ఉన్నా మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది లెండి.

అద్దెకొంప_నిజాంపేట

అందరికీ థ్యాంక్స్. ఆదివారం మెకానిక్ వచ్చాడు. అన్న చెప్పినట్టే, అడుగు నుంచి సగం మగ్గు పెచ్చులొచ్చాయి, చేత్తో నలిపితే ఉప్పు గల్లులా గరగర. ఆనోడ్ కడ్డీ పెన్సిల్ ములికంత మిగిలింది, మార్పించాను. పేలాలు ఆగిపోయాయి. ఠంగుమనేది మాత్రం అలాగే ఉంది, అదేంటా అని చూస్తే వేడెక్కిన పైపు సాగి క్లాంపుకి తగులుతోందట, మధ్యలో పాత సైకిల్ ట్యూబ్ ముక్క దోపాడు, అదీ పోయింది. ఆర్‌సీసీబీ లేదు, ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను.

కడ్డీ ఫొటో, బిల్లు ఓనర్‌కి పంపాను. సగం ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. రాత్రి మెసేజ్ పెట్టాడు, పై ఫ్లోర్ వాళ్ళ గీజర్‌లో కూడా మోత వస్తోందట, ఆ మెకానిక్ నంబర్ కావాలట.