గేర్‌బాక్సు ఆయిల్ 'జీవితకాలం' వస్తుందంటున్నారు. ఎవరి జీవితకాలం?

కొండదారి, తిరుపతి:
నా ఉద్యోగం తిరుమలలో, ఇల్లు కింద కపిలతీర్థం దగ్గర. ఆరేళ్లుగా వారానికి అయిదు రోజులు సొంత కారులోనే కొండ ఎక్కి దిగుతున్నాను. ఆరు గేర్ల ఆటోమేటిక్, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ రకం. మీటరు 92 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. గేర్‌బాక్సు ఆయిల్ ఇంతవరకు మార్చలేదు. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు అడిగితే, "అది జీవితకాలం ఆయిల్ సార్, సీలు చేసిన గేర్‌బాక్సు, ముట్టుకోనవసరం లేదు" అన్నారు. బయట గ్యారేజీలో అడిగితే ఇప్పటికే ఆలస్యమైందన్నారు. గేర్లు మెత్తగానే పడుతున్నాయి, కుదుపు లేదు, శబ్దం లేదు. బాగున్నదాన్ని కదిలించాలా, వద్దా?

మొగిలిఘాట్, చిత్తూరు:
మార్చండి. ఇరవై రెండేళ్లుగా గేర్‌బాక్సులు విప్పుతున్నవాడిగా చెబుతున్నాను.

ముందు ఆ 'జీవితకాలం' అనే మాటను పట్టుకుందాం. అది ఆయిల్ ఆయుష్షు కాదు, గేర్‌బాక్సు ఆయుష్షు. ఈ ఆయిల్‌తో గేర్‌బాక్సు ఎంతకాలం నడిస్తే అంతకాలాన్ని దాని జీవితకాలం అంటున్నారు. ఆ లెక్కన ఏ ఆయిల్ అయినా జీవితకాలం వస్తుంది. జర్మనీలో గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థను చూడండి. దాని గేర్‌బాక్సులు బిగించిన కొన్ని కార్ల కంపెనీలు ఆయిల్ మార్చనవసరం లేదని చెప్పాయి. కానీ గేర్‌బాక్సు తయారుచేసిన ఆ సంస్థే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. వాడకం కఠినంగా ఉంటే అంతకన్నా ముందే మార్చమంటుంది. వస్తువును చేసినవాడి మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా?

ఆటోమేటిక్‌లో ఆ ఆయిల్ ఒక్క పని చేయదు. గేర్లను, బేరింగులను తడుపుతుంది, వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదులుతుంది, ఒత్తిడితో వాల్వులను కదిలించి గేరు మారుస్తుంది. క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో, ఎక్కడ పట్టుకోవాలో కూడా దానిలో కలిపిన రసాయనాలే నిర్ణయిస్తాయి. ఇంజన్ ఆయిల్‌లా మసి పట్టదు కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. అయితే వేడికి ఆక్సీకరణం చెందుతుంది, రసాయనాలు ఖర్చయిపోతాయి, క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి అందులోనే తిరుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే నూనె చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని మా వృత్తిలో అందరూ నమ్మే లెక్క ఒకటుంది.

ఇప్పుడు మీ దారి చూడండి. ఎండాకాలంలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది. అలిపిరి దాటితే ఎక్కడమే. ముందు బస్సు, దాని వెనక మీరు. వేగం లేకపోతే టార్క్ కన్వర్టర్ లోపల ఇంజన్‌ను, గేర్‌బాక్సును నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టుకోదు. ఇంజన్ శక్తిలో కొంత ఆయిల్‌ను చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. రోజూ ఇదే అయితే మీ 92 వేల కిలోమీటర్లను మరొకరి 92 వేలతో పోల్చలేం.

రేణిగుంట రోడ్డు, తిరుపతి:
నేను ఒప్పుకోను. ఇది పుస్తకం చదివి చెబుతున్నది కాదు, చేయి కాల్చుకున్న తర్వాత చెబుతున్నాను. నాలుగేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొన్నాను. 1,30,000 కిలోమీటర్లు తిరిగిన బండి. ఇలాంటి మాటలే విని ఆయిల్ మార్పించాను. యంత్రం పెట్టి ఒత్తిడితో పాతదంతా తోసేసి కొత్తది నింపారు. రెండు నెలలు తిరగకముందే మూడో గేరులో జారడం మొదలైంది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. చివరికి గేర్‌బాక్సు విప్పించాల్సి వచ్చింది. లక్షకు పైగా అయింది. పాత ఆయిల్‌లో ఉన్న ఆ పొడి వల్లే అరిగిన ప్లేట్లకు పట్టు దొరుకుతుందని, దాన్ని తీసేయడంతోనే జారాయని విప్పిన మెకానిక్ చెప్పాడు. నడుస్తున్నదాన్ని నడవనివ్వండి.

మొగిలిఘాట్, చిత్తూరు:
మీకు జరిగింది చిన్న నష్టం కాదు. దాన్ని కొట్టిపారేయను. ఒక్క మాట అడుగుతాను. ఆయిల్ మార్చాలని మీకు ఎందుకు అనిపించింది? ఆ రోజుకు బండి ఎలా నడుస్తోంది?

రేణిగుంట రోడ్డు, తిరుపతి:
రెండు నుంచి మూడుకు మారేటప్పుడు కుదుపు ఉండేది. చల్లగా ఉన్నప్పుడు కొంచెం, వేడెక్కాక ఎక్కువ. అందుకే మార్పించాను.

మొగిలిఘాట్, చిత్తూరు:
అంటే ఆయిల్ మార్చకముందే ఆ క్లచ్ పోతోంది. రోగం ముదిరాక ఆసుపత్రికి వెళ్లిన మనిషి అక్కడ చనిపోతే చంపింది ఆసుపత్రే అనలేం కదా. ఇలాంటి బళ్లు నా దగ్గరకు వచ్చాయి. జారుడు మొదలైన గేర్‌బాక్సును కొత్త ఆయిల్ బతికించదని ముందే చెప్పి, యజమాని ఒప్పుకుంటేనే చేస్తాను. మీకు ఆ మాట ఎవరూ చెప్పకపోవడం తప్పు. పైగా యంత్రంతో ఒత్తిడి పెట్టి తోయడం, అదీ ఎన్నడూ మార్చని గేర్‌బాక్సుకు, నేను చేయను. అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల సన్నని దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మీ అనుభవం నాకు చెబుతున్నది ఒకటే: ఈ పని గేర్లు మెత్తగా పడుతున్నప్పుడే చేయాలి. కొండదారి గారి బండి ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలో ఉంది.

పలమనేరు నుంచి:
నాది 1,60,000 కిలోమీటర్లు. ఒక్కసారీ మార్చలేదు. ఎక్కువగా బెంగళూరు హైవే మీదే తిరుగుతుంది. ఏ ఇబ్బందీ లేదు. దీనికేమంటారు?

మొగిలిఘాట్, చిత్తూరు:
సంతోషం. హైవే మీద పై గేరులో, లాకప్ పట్టుకుని, గాలి బాగా తగులుతూ నడిచే గేర్‌బాక్సు చల్లగా ఉంటుంది. మీ బండికి అది సాధ్యమే. అదే బండిని ఆరేళ్లు కొండ ఎక్కించి చూసి చెప్పండి.

మెకానికల్ పాఠాలు, తిరుపతి:
ఒక హెచ్చరిక. అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్చును, గేరును యంత్రం కదుపుతుంది. దానిలో పోసేది మామూలు గేర్ ఆయిల్. సీవీటీలో లోహపు బెల్టు కప్పీల మధ్య జారకుండా పట్టుకోవడం ఆయిల్ గుణం మీదే ఆధారపడుతుంది. దానికి దాని ఆయిలే పోయాలి, వేరేది పోస్తే పాడవుతుంది. రెండు క్లచ్చుల గేర్‌బాక్సుల్లో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండేవి వేరు, పొడిగా ఉండేవి వేరు. ఫోక్స్‌వాగన్ తన రెండు క్లచ్చుల గేర్‌బాక్సును డీఎస్‌జీ అంటుంది; ఆరు గేర్ల డీఎస్‌జీలో ప్లేట్లు తడిగా ఉంటాయి, దానికి 60 వేల కిలోమీటర్లకు మార్చాలని ఆ కంపెనీయే చెబుతుంది. ఎర్రగా కనిపించే ప్రతి ఆయిలూ ఒకటే అనుకుని పోయించుకోకండి. మాన్యువల్‌లో రాసిన ప్రమాణం డబ్బా మీద ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

ఇంకొకటి, కొండదారి గారూ. మీ మాన్యువల్‌లో సర్వీసు పట్టికలు రెండు ఉంటాయి. ఒకటి మామూలు వాడకానికి, ఇంకొకటి కఠిన వాడకానికి. రెండోది చదివారా?

కొండదారి, తిరుపతి:
ఇప్పుడే కారులోంచి మాన్యువల్ తెచ్చి చదివాను. మొదటి పట్టికలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ దగ్గర 'మార్చనవసరం లేదు' అని ఉంది. రెండు పేజీల తర్వాత చిన్న అక్షరాల్లో కఠిన వాడకం పట్టిక ఉంది. కొండదారులు, దుమ్ము, విపరీతమైన వేడి, ఆగుతూ సాగే రద్దీ. అలాంటి వాడకానికి లక్ష కిలోమీటర్లకు మార్చాలని స్పష్టంగా రాసి ఉంది. ఆరేళ్లుగా నా రోజు మొత్తం ఆ నాలుగు మాటల్లోనే ఉంది. సర్వీసులో నేను ఎక్కడ నడుపుతానో ఒక్కరూ అడగలేదు. నాకు చాలా బాధగా ఉంది. అబద్ధం చెప్పారని కాదు, సగం పేజీ చదివి చెప్పారని.

మార్పించడానికే నిర్ణయించుకున్నాను. ఎలా చేయించాలి?

మొగిలిఘాట్, చిత్తూరు:
డ్రెయిన్ ప్లగ్ విప్పి దానంతట అది కారనివ్వమనండి. టార్క్ కన్వర్టర్‌లో ఉన్నది రాదు కాబట్టి సగానికి అటూ ఇటూగా మాత్రమే దిగుతుంది. అది మంచిదే. మీ బండికి పాన్, అంటే గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, విప్పే వీలుంటే విప్పించి, ఫిల్టరు, గాస్కెట్ మార్పించండి. దిగిన ఆయిల్‌ను కొలపాత్రలో కొలిచి అంతే కొత్తది పోయాలి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి ఇలాగే చేయించండి.

అసలు జాగ్రత్త మట్టం చూడటంలో ఉంది. చాలా సీలు గేర్‌బాక్సులకు కొలపుల్ల ఉండదు. ఇంజన్ నడుస్తుండగా, బండి సమతలంగా నిలిపి, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడే మట్టం ప్లగ్ విప్పి చూడాలి. స్కానర్ పెట్టి ఉష్ణోగ్రత చూడని గ్యారేజీకి ఈ పని ఇవ్వకండి. ఎక్కువ పోసినా తక్కువ పోసినా చెడేది మీ గేర్‌బాక్సే.

రేణిగుంట రోడ్డు, తిరుపతి:
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ ముందు ఎవరైనా నన్ను ఆ కుదుపు గురించి అడిగి ఉంటే బాగుండేది. కొండదారి గారూ, పాన్ విప్పినప్పుడు పక్కనే ఉండండి.

కొండదారి, తిరుపతి (తొమ్మిది రోజుల తర్వాత):
పక్కనే ఉన్నాను. ఆయిల్ ముదురు గోధుమ రంగులో దిగింది, కాలిన వాసన లేదు. పాన్‌లోని అయస్కాంతాలకు కాటుకలా మెత్తని పొడి పట్టి ఉంది. వేలితో నలిపితే గరుకు తగలలేదు, ముక్కలు లేవు. మెకానిక్ వాటిని తుడిచి తిరిగి పెట్టాడు. నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ దిగింది, అంతే పోశారు. ఈ ఉదయం అలిపిరి నుంచి మామూలుగానే ఎక్కాను. గేర్లు మునుపటిలాగే పడుతున్నాయి. తేదీ, కిలోమీటర్లు మాన్యువల్‌లో ఆ రెండో పట్టిక పక్కనే పెన్నుతో రాసి పెట్టాను.